ఎర్టిగాకి టోబార్ వేయించి రెండు ఎంటీబీలు మోసుకెళ్లొచ్చా? వాడినవాళ్లు చెప్పండి

అమలాపురం ఎర్టిగా

అందరికీ నమస్కారం. ఇంట్లో రెండు ఎంటీబీలు (కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైకులు) ఉన్నాయి. ఒకటి నాది, ఇంకోటి ఎనిమిదో క్లాసు చదివే మా వాడిది. కోనసీమలో ఎత్తంటే వంతెనే కదండీ. కాలవ గట్ల మీద తిరిగి తిరిగి విసుగొచ్చి, నెలకోసారి మారేడుమిల్లి వెళ్లడం మొదలుపెట్టాం. ఇప్పటిదాకా మూడో వరస సీట్లు మడిచి, ముందు చక్రాలు ఊడదీసి, పాత దుప్పటి పరిచి సైకిళ్లు లోపలే కుక్కుతున్నాను. తిరిగొచ్చేటప్పుడు అడవి బురద, చైను గ్రీజు అంతా సీట్లకే. పోయినసారి మా ఆవిడ బండి తలుపు తీసి, చూసి, ఏమీ అనకుండా వేసేసింది. తిట్టినా బాగుండేది.

వెనక టోబార్ (ట్రైలర్ తగిలించడానికి బిగించే ఇనప బార్) వేయించి దానిమీద సైకిల్ క్యారియర్ పెడదామని ఆలోచన. ట్రైలర్ లాగే ఉద్దేశం లేదు. బండి పెట్రోలుది, సీఎన్‌జీ కాదు. ఎవరైనా వేయించారా? ఎక్కడ ఇబ్బంది పడ్డారు?

ఏటిగట్టు రైడర్

నేను మూడు రకాలూ వాడాను. మొదట టాప్ మీద పెట్టే క్యారియర్ కొన్నాను. హైవే మీద దానికి వంక పెట్టడానికి లేదు. రావులపాలెం దాటి లోపలి రోడ్డెక్కితే మాత్రం రెండు పక్కలా ఒంగిన కొబ్బరి మట్టలే. ఒకసారి రైడ్ నుంచి నేరుగా బంధువుల పెళ్లికి పోతూ, పైన సైకిళ్లున్న సంగతి మరిచిపోయి పందిరి గేటు కిందకి పోనిచ్చాను. గేటుకి కట్టిన అరటి చెట్టు బానెట్ మీద పడింది. సీటు పోస్టు వంగిపోయింది. పెళ్లికొడుకు కన్నా నా ఫొటోలే ఎక్కువ తీశారు.

తర్వాత డిక్కీకి బెల్టులతో కట్టేది తెచ్చాను. చవక, బిగించడం తేలిక. కానీ బెల్టుల కింద సన్న ఇసుక చేరి, నాలుగు ట్రిప్పుల్లో డిక్కీ పెయింటు ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టు అయింది.

ఇప్పుడు బొలెరోకి టోబార్ ఉంది. సైకిల్‌ని నడుము ఎత్తుకి లేపితే చాలు, రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. ఇక వేరేదాని జోలికి పోను. కాకపోతే నాది ఛాసీ బండి, మీది కాదు. ఆ సంగతి మన లేత్ బాబాయ్ చెప్పాలి.

లేత్ బాబాయ్ (తణుకు)

పిలిచారు కాబట్టి వచ్చాను, ఆయ్.

బొలెరో, స్కార్పియో, క్రిస్టా లాంటివాటికి కింద నిచ్చెనలాంటి ఛాసీ ఉంటుంది. రెండు పక్కలా రెండు దూలాలు. వాటికి బ్రాకెట్ బిగిస్తే పని అయిపోయినట్టే. ఎర్టిగా, బ్రెజా, క్రెటాలకి విడిగా ఛాసీ ఉండదు, బాడీయే ఛాసీ. రేకు మడతపెట్టి చేసిన బాక్సులు డిక్కీ అడుగున రెండు పక్కలా వెనకదాకా వస్తాయి. బరువు వాటికి పట్టించాలి. బంపర్‌కో, డిక్కీ అడుగు రేకుకో పట్టించి పంపేవాళ్లు ఉన్నారు. అలాంటి బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. రేకు బోల్టు చుట్టూ అప్పడంలా చీలిపోయి ఉంది.

ఇంకో మాట. బాక్సుకి ఈ వైపు నుంచి ఆ వైపుకి బోల్టు వేసేటప్పుడు లోపల ఇనప గొట్టం ముక్క పెట్టాలి. అది లేకుండా బిగిస్తే బాక్సు లోపలికి నొక్కుకుపోతుంది. పానాకి గట్టిగానే తగులుతుంది, బిగిసిందనుకుంటాం. పది గోతులు దాటాక వదులైపోతుంది. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో బలం చెప్పే అంకె ఉండాలి. ఏ అంకే లేని బోల్టు పెరట్లో తలుపు గడియకి వాడుకోండి.

బాడీకి వెల్డింగ్ పెట్టనివ్వకండి. ఆ వేడికి రేకు లోపలి పూత కాలిపోతుంది. పైకి పెయింటు కొట్టినా లోపలినుంచి తుప్పు పడుతుంది, మీకు కనపడదు. బండి ఆగిపోతే తాడు కట్టి లాగడానికి ఇచ్చిన కొక్కెం ఉంటుంది చూశారా, అది కూడా ఇందుకు పనికిరాదు. నేరుగా లాగడానికే చేసింది అది, బరువు మోయడానికి కాదు.

ఎర్టిగాని సౌత్ ఆఫ్రికాలో కూడా అమ్ముతారు, అక్కడ కార్లకి టోబార్లు మామూలే. అందుకని ఆ మోడల్‌కే కొలత తీసి చేసిన కిట్ వెతికి పట్టుకురండి. కంటి కొలతతో నేను చేసివ్వను, ఎవరితోనూ చేయించుకోకండి. బిగించాక షాపులోంచి కదిలే ముందు ఒక పని చేయండి. ఎర్టిగా స్పేర్ టైరు డిక్కీ కింద వేలాడుతుంది కదా, దాన్ని ఒకసారి దించి మళ్లీ ఎక్కించి చూడండి. బార్ అడ్డొస్తుందని పంక్చర్ అయిన రోజు రాత్రి తెలిస్తే ఏడుపే.

లెక్కల మాస్టారు (భీమవరం)

కిట్‌కి చిన్న ప్లేటు ఉంటుంది. దానిమీద ‘ఎస్’ అని కిలోల్లో ఒక అంకె ఉంటుంది. బాల్ (బార్ కొసన క్యారియర్ కూర్చునే ఇనప గుండు) మీద నిలువుగా ఎంత బరువు పెట్టొచ్చో చెప్పేది అదే. ఎన్ని కిలోల ట్రైలర్ లాగుతుందన్న అంకె మీకు అక్కర్లేదు.

ఒక్కో సైకిల్ 15 కిలోలు అనుకుంటే రెండూ కలిపి 30. క్యారియర్ 17. మొత్తం 47. ప్లేటు మీద 50 ఉంటే సరిపోయింది. మూడో సైకిల్ పెట్టారా, 62. రేపు మీకు ఈ-బైకుల మీద మనసైతే ఒక్కోటి 22 కిలోలు వేసుకున్నా రెండింటితోనే 61.

ఇంకో లెక్క ఉంది. ఎర్టిగా రెండు ఇరుసుల మధ్య దూరం 2740 మిల్లీమీటర్లు. సైకిళ్ల బరువు వెనక ఇరుసుకి 1.3 మీటర్లు అవతల పడుతుందనుకోండి. అప్పుడు వెనక ఇరుసు మీద పెరిగేది 47 కాదు, 69 కిలోల దాకా. ఆ తేడా 22 కిలోలూ ముందు చక్రాల మీద తగ్గుతాయి. పిల్లల ఉయ్యాల బల్ల లెక్కే. పైగా మనుషులు, సామాను ఉంటే ముందు లైట్లు ఎదుటివాడి కళ్లలోకి కొడతాయి. వెనక టైర్లలో గాలి డోరు దగ్గర స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి ఎంత రాశారో అంత కొట్టించండి.

గోదారమ్మాయి

మా బండికి మూడేళ్లుగా ఉంది. మగవాళ్లు ఎవరూ చెప్పని విషయం ఒకటి: క్యారియర్ పెట్టాక డిక్కీ తలుపు తెరుచుకోదు! పులిహోర డబ్బాలు, నీళ్ల సీసాలు అన్నీ డిక్కీలోనే ఉంటాయి. గోకవరం దాటాక పిల్లలు ఆకలి అంటే సైకిళ్లన్నీ దించాలి. వెనక్కి వంగే రకం క్యారియర్ కొనండి. లివర్ నొక్కితే సైకిళ్లతో సహా వాలుతుంది, తలుపు తెరుచుకుంటుంది. అది కూడా సైకిల్ హ్యాండిళ్లు తలుపుకి తగలకుండా ఎంత వాలుతుందో షాపులోనే చూసుకోండి.

మాది బాల్ రకం కాదు, చదరపు గొట్టంలో దూర్చి పిన్ను పెట్టే రకం. గొట్టంలో సందు వల్ల మొదట్లో లొడలొడమని ఒకటే ఊపు. పక్కనుంచి బిగించే బోల్టు వేయించాక తగ్గింది.

కాకినాడ ఉప్పుగాలి

తుప్పు గురించి ఎవరూ రాయలేదేంటి? కిట్ నల్లగా నిగనిగలాడుతూ వస్తుంది. ఒక్క రాయి తగిలి పూత పెచ్చు లేచిందంటే మన గాలికి అక్కడినుంచి మొదలు. నాకు మొదటి వానాకాలంలోనే బోల్టు తలలు ఎర్రబడ్డాయి. సముద్రం పక్కన లేకపోయినా తప్పించుకోలేరు. భీమవరం వైపు రొయ్యల లారీ వెనక పది కిలోమీటర్లు పోయి చూడండి, అది కార్చే నీళ్లు మీ బండి అడుగున ఎంత చేరతాయో.

కిట్ రాగానే, బిగించకముందే, కన్నాల అంచులకి జింక్ ప్రైమర్ రాయించాను (రెండోసారి! మొదటిసారి తెలిస్తేగా). ఇంటికొచ్చాక అడుగున మంచినీళ్లతో కడుగుతాను. బాల్‌కి గ్రీజు పూసి పైన కోసిన టెన్నిస్ బంతి తొడిగాను. మా వీధి కుర్రాళ్లు రెండుసార్లు పట్టుకుపోయారు. క్రికెట్‌కి పనికిరాదని తెలిశాక మానేశారు.

రేవు దాటినోడు (నరసాపురం)

మీరు అమలాపురం అన్నారు కాబట్టి మీకు ఇది తప్పక జరుగుతుంది. చదవండి.

సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (బండ్లని గోదారి దాటించే పడవ) మీద వస్తున్నాను. వెనక రెండు సైకిళ్లు. ఆటు సమయం, నీళ్లు బాగా దిగిపోయి ఉన్నాయి. రేవు నుంచి పంటు మీదకి వేసిన రేకు మామూలు కన్నా ఏటవాలుగా ఉంది. ముందు చక్రాలు ఎక్కాయి, వెనకవి రేవు వాలులోనే ఉన్నాయి. అక్కడ గర్‌ర్‌మని శబ్దం. టోబార్ నాలుక, అదే బయటికి పొడుచుకొచ్చే కొస, నేలకి ఆనింది. వెనక్కి పోదామంటే వెనక ఆటో. ముందుకి పోదామంటే నిప్పురవ్వలు. పంటు మీద నలభై మంది ఉంటే నలభై సలహాలు. ఒకాయనైతే చేతిలో కోడిని పక్కవాడికిచ్చి మరీ వచ్చి స్టీరింగ్ ఎటు తిప్పాలో చెప్పాడు. చివరికి సైకిళ్లు దించేసి, మనుషులందరం దిగాం. వెనక భాగం నాలుగు వేళ్లు లేచింది, అప్పుడు ఎక్కింది.

టోబార్ పెట్టాక బండి తోక పొడుగైందని గుర్తుంచుకోవాలి. తోక ఎంత పొడుగై ఎంత కిందికి ఉంటే, వాలు దగ్గర అంత త్వరగా నేలని తాకుతుంది. గట్టు మీదనుంచి ఇంటి వాకిట్లోకి దిగే వాలులు, ఊళ్లలో సొంతంగా వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు, అన్నీ ఇదే కథ. అందుకని నాలుక ఊడదీసుకునే రకం తీసుకోండి. ఇప్పుడు నేను రేవు దగ్గర ముందే సైకిళ్లు దించి, తొక్కుకుంటూ ముందు నేనే పంటు ఎక్కుతాను. బండి మా తమ్ముడు ఎక్కిస్తాడు.

అమలాపురం ఎర్టిగా

చాలా థాంక్స్ అండి. పంటు సంగతి అస్సలు తట్టలేదు. చించినాడ వంతెన మీదనుంచే తిరిగి వెళ్తాను. ఇంకో టెన్షన్: నా నంబరు ప్లేటు డిక్కీ తలుపు మీద ఉంది, సైకిళ్లు పెడితే కనపడదు. వెనక లైట్లు కూడా సగం మూసుకుంటాయి. ఏం చేస్తున్నారు?

హైవే 216

నాకు దీనిమీద చలానా పడింది కాబట్టి కొంచెం చదువుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన దానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. అంతకుముందు 2017 డిసెంబరులో కేంద్రం క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. దానివల్ల బండికి అదనంగా ఏ ఇనుము కనపడినా ఆపి అడుగుతున్నారు. బిగించకముందే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. వెనకనుంచి ఎవడైనా గుద్దితే బంపర్ మింగాల్సిన దెబ్బ బార్ ద్వారా నేరుగా బాడీ బాక్సులకి పోతుంది, అప్పుడు క్లెయిమ్ దగ్గర మొదటి ప్రశ్న అదే అవుతుంది.

యూరప్ క్యారియర్లకి నంబరు ప్లేటు, లైట్లు పెట్టే బోర్డు ఉంటుంది. మనకి 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన బండ్లకి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. రోడ్డు పక్కన కొట్టించిన రెండో ప్లేటు దానితో సమానం కాదు. నాకు చలానా పడింది ఆ ప్లేటు కూడా లేనందుకు.

లైట్లకి వైరు లాగేటప్పుడు బండి లైటు వైరు గీకి టేపు చుట్టే మెకానిక్‌కి దణ్ణం పెట్టి వచ్చేయండి. బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజుతో పవర్ తీసుకుని, బండి లైటు నుంచి సిగ్నల్ మాత్రం తీసుకునే రిలే బాక్సు ఉంటుంది, అది పెట్టించండి. నాది టేపు పని. మొదటి వానకే ఇండికేటర్ పిచ్చెక్కినట్టు కొట్టుకుంది.

చింతలేనోడు

ఇంత బాధ ఎందుకండీ, ఓ పాత సైకిలు కొని మారేడుమిల్లిలోనే తెలిసినవాళ్లింట్లో పడేస్తే పోలా?

ఏటిగట్టు రైడర్

పడేశాను. తెలిసినవాళ్ల పిల్లలు తొక్కుతున్నారు.

అమలాపురం ఎర్టిగా

రెండున్నర నెలల తర్వాత రాస్తున్నాను. కిట్ దొరికింది. ఎస్ 50 ఉంది, నాలుక ఊడొస్తుంది. బాబాయ్ చెప్పినట్టు గొట్టం ముక్కలు వేసి, బోల్టులతోనే బిగించారు. బంపర్ విప్పడం, కింద చిన్న ముక్క కొయ్యడం, మళ్లీ పెట్టడం కలిపి ఒక పూట పట్టింది. క్యారియర్, రిలే బాక్సుతో కలిపి ఖర్చు మా వాడి సైకిల్ ఖరీదు దాటింది. స్పేర్ టైరు దించి చూశాను. దిగింది గానీ కొంచెం పక్కకి లాగితేనే.

మొదటి ట్రిప్పు రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. రివర్స్ వేస్తే సెన్సార్లు సైకిళ్లని చూసి ఒకటే అరుపు, కెమెరాలో కనపడేది మా వాడి పెడల్ ఒక్కటే. ఘాట్ మలుపుల్లో ముందు చక్రాలు తేలికైన సంగతి స్టీరింగ్‌లో తెలిసింది, మాస్టారి లెక్క గుర్తొచ్చింది. చెక్‌పోస్టు దగ్గర ఆపారు. క్యారియర్ బోర్డు మీద ప్లేటు, లైట్లు, ఆర్టీవో ఆఫీసుకి రాసిన ఉత్తరం, ఇన్సూరెన్స్ మెయిల్ అన్నీ చూపించాను. సైకిల్ గేర్లు ఎన్నని అడిగి పంపేశారు. దీన్ని పర్మిషన్ అనుకోకండి, ఆ రోజు అదృష్టం.

సీట్లకి ఈసారి బురద లేదు. బండంతా పులిహోర వాసన, అంతే.

ఇంటికొచ్చాక కిందకి దూరి బోల్టులన్నీ పానా పెట్టి చూశాను. ఎడమవైపు వెనకది పావు చుట్టు తిరిగింది. మిగతా మూడూ కదల్లేదు. ఆ ఒక్కటే ఎందుకు వదులైంది బాబాయ్? వాషర్ మార్చమంటారా?

లేత్ బాబాయ్ (తణుకు)

కొత్త పూత అణిగి ఉంటుంది. విప్పకండి, బిగించి తల మీదా బాడీ మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. వచ్చే ట్రిప్పు తర్వాత గీత చెదిరితే బండి తీసుకుని తణుకు రండి. ఆదివారం సెలవు.