రుడాల్ఫ్: పిల్లలకి 1964ది చూపించాలా, 1965దా?

పాతరీళ్ళు:
డిసెంబర్ వచ్చింది, పాత గొడవా వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన "రుడాల్ఫ్‌ని కోసి కోసి చంపేశారు, అసలుది చూసే భాగ్యం మన పిల్లలకి లేదు" అని ఏకరువు పెట్టాడు. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు కదా, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

తెలియనివాళ్ళకి ముందు సంగతి చెప్తాను. రుడాల్ఫ్ అంటే శాంటా బండి లాగే, ముక్కు ఎర్రగా వెలిగే రెయిన్‌డీర్. వాడి కథతో ర్యాంకిన్-బాస్ కంపెనీవాళ్ళు తీసిన బొమ్మల సినిమా 1964 డిసెంబర్ 6న అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీలో వచ్చింది. డబ్బు పెట్టింది జనరల్ ఎలక్ట్రిక్. బొమ్మల్ని కొంచెం కొంచెం జరుపుతూ ఫ్రేము తర్వాత ఫ్రేము తీసిన పనంతా జపాన్‌లో తదాహితో మొచినాగా స్టూడియోలో జరిగింది. కథలో లోపాలున్న బొమ్మల దీవి ఒకటుంది. చక్రాలు నలుపలకలుగా ఉన్న రైలు, జెల్లీ చిమ్మే నీళ్ళ తుపాకీ, ఒంటినిండా చుక్కలున్న ఏనుగు, ఇలాంటివాటిని ఎవరూ ఆడుకోరని అక్కడ చేరతాయి. మీ సంగతి శాంటాకి చెప్తానని రుడాల్ఫ్ మాటిస్తాడు. తొలి ప్రసారంలో ఆ మాట అక్కడితో సరి. శాంటా ఆ దీవికి వెళ్ళడు. చూసినవాళ్ళు ఊరుకోలేదు, ఉత్తరాలు రాశారు. దాంతో 1965లో శాంటా వెళ్ళి బొమ్మల్ని తీసుకెళ్ళే సీన్ కొత్తగా తీసి కలిపారు. దానికి చోటు కోసం వేరే సీన్ ఒకటి ఎత్తేశారు, ఒక పాట కూడా మార్చారు.

ఇక నా మాట. "అసలుది, అసలుది" అని గుండెలు బాదుకుంటున్నవాళ్ళలో 1964లో ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నదెవరు? ఏళ్ళ తరబడి జనం చూసి మనసు పారేసుకున్నది మార్చినదాన్నే. కాబట్టి అసలుది అదే అంటాను. కాదన్నవాళ్ళు రండి.

గోదారిగట్టు:
వచ్చాను. ఆ ఎత్తేసిన సీన్ సంగతి ఒక్క ముక్కలో దాటేశారు, గొడవంతా దాంట్లోనే ఉంది మాస్టారూ.

యూకాన్ కార్నీలియస్ అనే గడ్డపాయన ఉంటాడు, బంగారం వెండి అంటూ మంచులో తిరుగుతుంటాడు. పికాసు గాల్లోకి ఎగరేస్తాడు, అది నేలలో దిగబడుతుంది, పీకి దాని మొన నాలుకతో నాకి "నథింగ్" అంటాడు. సినిమా అంతా ఇదే వరస. 1964 ముగింపులో ఇంకోసారి నాకితే పిప్పరమెంటు తగులుతుంది! ఆయన వెతుకుతున్నది పిప్పరమెంటు గని అన్నమాట. అందుకే ఆ నాకడం. 1965లో కోసేసింది సరిగ్గా ఆ సీన్‌నే. ఇక ఆ తర్వాత చూసినవాళ్ళందరికీ ఈయన ఇనుము నాకి బంగారం ఉందో లేదో చెప్పే వెర్రిబాగులాయన. జోకు మొదలు ఉంచి చివర కోసేసి, ఇదే అసలుదంటే ఎలా?

సుధ_ఎడిసన్:
గోదారిగట్టు అన్నా, ఒకాయన జోకు పోతే పోయింది. మాటిచ్చి గాలికొదిలేసిన రుడాల్ఫ్‌ని మా పిల్లలకి చూపించమంటారా? కథంతా "నువ్వు మాలాంటివాడివి కావు, పో" అని తరిమేసిన వాడి బాధ. వాడి ముక్కు పనికొచ్చింది కాబట్టి వాడిని దగ్గరికి తీసి, పనికిరాని బొమ్మల్ని మంచులో వదిలేస్తే ఆ కథకి అర్థం ఏముంది? కొత్త సీన్‌లో ఆ బొమ్మలు మంట చుట్టూ చేరి, ఈ ఏడు కూడా మనల్ని మర్చిపోయారని దిగులుపడుతుంటాయి. అప్పుడు శాంటా బండి గంటల చప్పుడు వినిపిస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసం పది పిప్పరమెంటు గనులు వదులుకుంటాను.

పైగా ఆ మార్పు చేసింది బయటివాళ్ళు కాదు, తీసినవాళ్ళే.

గోదారిగట్టు:
సుధక్కా, ఆ జాలి సీన్ తర్వాత చివర్లో పేర్లు పడేదాకా చూశారా? బండి మీద నుంచి ఎల్ఫ్, అంటే శాంటా దగ్గర పనిచేసే మరుగుజ్జు, ఒక్కో బొమ్మకీ గొడుగిచ్చి కిందికి దింపుతుంటాడు. పక్షి వంతు వచ్చేసరికి, పక్షే కదా ఎగురుతుందిలే అని గొడుగు లేకుండా గిరాటేస్తాడు. ఆ పక్షి ఎగరలేకే, ఈదుతుందనే కదా ఆ దీవిలో పడింది! 1964లో దీవిలోనే ఉండిపోయింది, ప్రాణమైనా దక్కింది. 1965లో మీ జాలి దాన్ని ఆకాశంలోంచి తోసేసింది 😄

సుధ_ఎడిసన్:
అయ్యో రామా. మా చిన్నదానికి మాత్రం ఇది చెప్పకండి.

బాపట్లబాబు:
అందరూ రుడాల్ఫ్ మీదే పడ్డారు. మార్చడం ఒక్క రకం కాదు. చార్లీ బ్రౌన్ అనే పిల్లాడి కార్టూన్, చార్లీ బ్రౌన్ క్రిస్మస్ చూడండి, 1965 డిసెంబర్ 9న సీబీఎస్‌లో వచ్చింది. దానికి స్పాన్సర్ కోకాకోలా. మొదట్లో పిల్లలు మంచు మీద జారుతుంటారు కదా, వాడి కుక్క స్నూపీ, వాడి స్నేహితుడు లైనస్ దుప్పటి పట్టుకుని చార్లీ బ్రౌన్‌నీ లైనస్‌నీ గిరగిరా తిప్పి వదుల్తాడు. చార్లీ బ్రౌన్ వెళ్ళి చెట్టుకి గుద్దుకుంటాడు. లైనస్ ఏమయ్యాడు? ఇప్పుడు వచ్చేదాంట్లో మాయమైపోతాడు. తొలి ప్రసారంలో వెళ్ళి కోకాకోలా బోర్డుకి గుద్దుకున్నాడు! బోర్డుతోపాటు లైనస్ పడ్డ చోటూ పోయింది. చివర్లో వచ్చే కోకాకోలా మాట కూడా తీసేశారు.

పండగని వ్యాపారం చేసేశారని ఏడ్చే పిల్లాడి కథ అది. దాంట్లో కూల్‌డ్రింకు బోర్డు. తీసేయడం మంచిదే అంటాను నేను. తొలి ప్రసారమే పవిత్రం అనే గోదారిగట్టుగారు ఆ బోర్డు కూడా వెనక్కి తెమ్మంటారా?

ఇంకో సంగతి. లైనస్ స్టేజీ మీద లూకా సువార్త రెండో అధ్యాయం చెప్పే చోట, టీవీవాళ్ళు ఆ రోజుల్లో తటపటాయించింది ఆ సీన్‌కే. దాన్ని మాత్రం తీయలేదు. మా చర్చిలో సండే స్కూలు పిల్లలు ప్రతి క్రిస్మస్‌కీ గొర్రెల కాపర్ల వేషం కట్టి అప్పజెప్పేదీ ఆ వచనాలే. "భయపడకుడి" అనే మాట దగ్గర లైనస్ చెయ్యి చూడండి, ఎప్పుడూ వదలని దుప్పటి వదిలేస్తాడు. నేను చాలాసార్లు చూశాక గానీ గమనించలేదు. అది ఉన్నంతకాలం బోర్డు ఉన్నా లేకున్నా నాకు ఒకటే.

గోదారిగట్టు:
బోర్డు కూడా తెమ్మంటాను, ఏం? 1965లో పిల్లల పండగ కార్యక్రమానికి డబ్బు ఎవరిచ్చారో అది చెప్తుంది. చరిత్ర. ఇంట్లో పిల్లలకి ఏది వేస్తారో మీ ఇష్టం, అటక మీద మాత్రం మొదటిది ఉండాలి.

క్రోయ్‌డన్_రవి:
లండన్ పక్క నుంచి చెప్తున్నా, మీ అమెరికావాళ్ళవి చిన్న గొడవలు. ఇక్కడి 'ది స్నోమ్యాన్' అనే కార్టూన్ సినిమా 1982లో ఛానల్ 4లో వచ్చింది. దానికి ముందుమాటలే మూడు. మొదటిదాంట్లో పుస్తకం వేసిన రేమండ్ బ్రిగ్స్. తర్వాతిదాంట్లో పాటగాడు డేవిడ్ బోవీ అటక ఎక్కి సొరుగులోంచి స్కార్ఫ్ తీస్తాడు. 2002లో మూడోది, శాంటా గొంతుతో. ఎవరు ఏ ఏడు పెరిగారో, ఏ ముందుమాట గుర్తుందో చెప్తే తెలిసిపోతుంది.

తమాషా ఏంటంటే బ్రిగ్స్ 1978 పుస్తకంలో శాంటా లేడు, క్రిస్మసే లేదు. ఒక పిల్లాడు, ఒక మంచుబొమ్మ, తెల్లారేసరికి కరిగిపోవడం, అంతే. పండగంతా సినిమావాళ్ళు కలిపింది. ఇప్పుడు అది లేకుండా ఇంగ్లండ్‌లో క్రిస్మస్ లేదంటారు. పాతరీళ్ళుగారి వాదనకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

కేబుల్‌కిరణ్:
మనవాళ్ళు 2010లో మాయాబజార్‌కి రంగులేసినప్పుడు ఇదే గొడవ. మా తాత హాల్లో కూర్చుని "ఘటోత్కచుడికి రంగెందుకురా" అంటూనే చివరిదాకా కదల్లేదు.

పాతరీళ్ళు:
రవిగారూ థాంక్స్. గోదారిగట్టుగారికి ఒక ప్రశ్న. 1998లో రుడాల్ఫ్ వీడియో బాగుచేసి వదిలారు. పిప్పరమెంటు సీన్ వెనక్కి వచ్చింది, పాత పాటా వచ్చింది. దీవికి వెళ్ళే 1965 సీన్ మాత్రం అలాగే ఉంచారు. అంటే అది 1964లో ఎవరూ చూడలేదు, 1965లోనూ ఎవరూ చూడలేదు. మీ "మొదటిది" అని అట్ట మీద చూసి కొనుక్కునేవాళ్ళకి దొరుకుతున్నది ఈ మూడోది. దీన్నేమంటారు?

గోదారిగట్టు:
కార్నీలియస్ జోకు చివరిదాకా ఉంది, సుధక్కకి దీవీ ఉంది. కాబట్టి మా ఇంట్లో వేసేది అదే. అసలుది అని మాత్రం అననంటే అనను. మూడూ విడివిడిగా ఒకే డిస్కులో పెట్టి, ఏ ఏడుదో పైన రాసి అమ్మితే పోయేదానికి ఇంత రభస ఎందుకో నాకర్థం కాదు.

పాతరీళ్ళు:
ఎందుకంటే సాయంత్రం సోఫాలో పిల్లల్ని కూర్చోబెట్టాక ఒక్కటే వేయగలం కదండీ.

సుధ_ఎడిసన్:
అదంతా సరే. ఆ దీవిలో రైలుకి చక్రాలు, తుపాకీకి జెల్లీ, ఏనుగుకి చుక్కలు. ఆ ఆడపిల్ల బొమ్మకి ఏం లోపం? కథలో ఎక్కడా చెప్పరు, ఏ వెర్షన్‌లోనూ. మా చిన్నది పొద్దున్నుంచి అదే అడుగుతోంది. ఎవరి దగ్గరైనా జవాబుంటే చెప్పండి, దాన్ని పడుకోబెట్టాలి.