క్లాసిక్ 350 సైలెన్సర్: బేస్ కావాలి, రచ్చ వద్దు

ప్రశ్న: ఘాటీ_350, జయపురం
బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2022 మోడల్, ఓడీ 10 రిజిస్ట్రేషన్. కొరాపుట్, సుంకి ఘాటీ, సాలూరు దారిలో తిరుగుడు ఎక్కువ. కంపెనీ సౌండు మరీ మెత్తగా ఉంది. లోతుగా కొట్టాలి గానీ వీధంతా లేవకూడదు. షాపులో పొట్టి గొట్టం, పంజాబ్ సైలెన్సర్, డీబీ కిల్లర్‌తో (సౌండు తగ్గించడానికి గొట్టం కొసలో బిగించే ముక్క) పొడవాటి గ్లాస్ వూల్ (లోపల గాజు పీచు కూరిన) రకం చూపించారు. ఏది మేలు? మ్యాపింగ్ (ఇంజిన్ కంప్యూటర్‌లో పెట్రోల్ లెక్క మార్చడం) చేయించాలా? రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు గొడవ ఉండకూడదు.

బెండ్‌పైపు
సౌండు లోతు వేరు, సౌండు పెద్దది కావడం వేరు గురూ. 3000 ఆర్‌పీఎం దగ్గర సింగిల్ సిలిండర్ సెకనుకు 25 సార్లే పేలుతుంది. ఆ దెబ్బ ఒంటికి తెలుస్తుంది, చెవిని పొడిచేది దాని పైనుండే సన్న సౌండు. గ్లాస్ వూల్ ఆ సన్నదాన్ని బాగా మింగుతుంది, లోతైనదాన్ని చాలావరకు వదిలేస్తుంది. మీరడిగే బేస్ అదే. పొట్టి గొట్టంలో చోటూ లేదు, వూలూ లేదు, అన్నీ కలిసి పటపటమని బయటికొస్తాయి. పంజాబ్ రకం లోపల దాదాపు ఖాళీ. అది ఊరిని లేపడానికే పుట్టింది.

మూడోదే తీసుకోండి. కొనేముందు డొక్క (సైలెన్సర్ బయటి డబ్బా) మీద గోటితో కొట్టి చూడండి. టంగుమని మోగితే రేకు పల్చన, నడిచేటప్పుడు డబ్బా మోత వస్తుంది. వీడియో చూసి మాత్రం కొనొద్దు, ఫోన్ మైకు బేస్‌ని సరిగ్గా పట్టదు.

గస్తీ_దారి
పోలీసు గొడవ ఉండదని ఎవరూ రాసివ్వలేరు. మోటారు వాహనాల చట్టం కేంద్రానిది, ఒడిశా అయినా ఆంధ్ర అయినా ఒకటే. సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సూ పోతుంది. డీబీ కిల్లర్ ఉన్నంత మాత్రాన లీగల్ అయిపోదు. యూరప్ ఆమోద ముద్ర ఈ-మార్క్ కూడా ఇక్కడ చెల్లదు, పైగా ఆ ముద్ర ఏ మోడల్‌కి ఇచ్చారో ఆ మోడల్‌కే.

175 సీసీ దాటిన బండికి పరిమితి 80 డెసిబెల్స్. అది 7.5 మీటర్ల దూరాన, బండి యాక్సిలరేషన్‌లో దాటిపోతుండగా కొలిచేది. గొట్టం పక్కన ఫోన్ పెట్టి వచ్చిన అంకెతో పోల్చకండి. యాప్‌తో తేడా మాత్రం చూడొచ్చు: అదే చోట, గొట్టం నుంచి అర మీటరు దూరంలో 45 డిగ్రీల కోణాన, అదే ఆర్‌పీఎంలో, పాతదానికీ కొత్తదానికీ. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి రెట్టింపు అనిపిస్తుంది. మూడు నాలుగు దాటితే నేనైతే కొనను. పాత సైలెన్సర్ అమ్మేయకండి.

ఘాటీ_350
సరే, మూడోదే ఖాయం. బిగించడంలో జాగ్రత్తలేంటి?

బెండ్‌పైపు
ఇంజిన్ చల్లారాక చేయండి. సెన్సర్, క్యాట్ (పొగలోని విషాన్ని తగ్గించే భాగం) ఉన్న బెండ్ పైపు (ఇంజిన్ నుంచి వచ్చే వంపు గొట్టం) జోలికి పోకుండా వెనక సైలెన్సర్ ఒక్కటే మార్చండి. ఎయిర్ ఫిల్టర్ కూడా కంపెనీదే ఉంటే మామూలుగా మ్యాపింగ్ అక్కర్లేదు. ఫుల్ సిస్టమ్ వేసి, ఫిల్టర్ మార్చి, పెట్రోల్ అలాగే ఉంచితే మిశ్రమం పల్చబడుతుంది, ఘాట్‌లో ఇంజిన్ కాగుతుంది.

ముందు హ్యాంగర్ (సైలెన్సర్‌ని ఫ్రేముకి వేలాడదీసే బ్రాకెట్) బోల్టు వదులుగా పెట్టి, జాయింటు పూర్తిగా లోపలికి తోసి, క్లాంపు బిగించి, చివరగా హ్యాంగర్ బిగించాలి. హ్యాంగర్ ముందే బిగిస్తే పైపు ఒత్తిడిలో ఉండి బ్రాకెట్ పగులుతుంది. జాయింటులో గ్యాస్కెట్ ఉంటే కొత్తదే వేయండి. అక్కడ లీకయితే థ్రాటిల్ వదిలినప్పుడు బయటి గాలి లోపలికి లాగి టపటపమంటుంది. జనం దాన్ని మ్యాపింగ్ లోపమనుకుని డబ్బు తగలేస్తారు. స్టార్ట్ చేసేముందు వేలిముద్రలు థిన్నర్‌తో తుడవండి, లేకపోతే వేడికి మరకలు అలాగే కాలిపోతాయి. మొదటి రైడ్ అయ్యాక, చల్లారనిచ్చి అన్నీ మళ్లీ బిగించండి.

గస్తీ_దారి
డీబీ కిల్లర్ బోల్టు కూడా చూసుకోండి. మామూలు థ్రెడ్‌లాక్ (బోల్టు వదులవకుండా పూసే జిగురు) ఆ వేడికి పట్టు వదిలేస్తుంది, సేఫ్టీ వైర్ కట్టండి. కొరాపుట్ వానకి వూల్ తడుస్తుంది కాబట్టి డొక్క అడుగున నీరు పోయే బెజ్జం ఉందో లేదో షాపులోనే చూడండి. నెమ్మదిగా సౌండు పెరుగుతూ గరగరలాడితే వూల్ కాలిపోయినట్టే. రివెట్లు ఊడదీసి కొత్తది చుట్టించొచ్చు, అయితే డొక్కకి రివెట్లున్న రకం కొంటేనే. వెల్డింగ్ చేసిందైతే కోయాల్సిందే.