10 నిమిషాల గాలి డేటాను 15 నిమిషాల బ్లాకులుగా మార్చడం: టైమ్‌స్టాంప్ విరామం మొదటిదా, చివరిదా?

మాస్ట్_డేటా:
అనంతపురం వైపు ఒక మాస్ట్ (గాలిని కొలిచే స్తంభం) డేటా చూస్తున్నాను. లాగర్ (రీడింగులు నమోదు చేసే పరికరం) సెకనుకోసారి చదివి, 10 నిమిషాలకోసారి సగటు, స్టాండర్డ్ డీవియేషన్, కనిష్ఠం, గరిష్ఠం రాస్తోంది. షెడ్యూలింగ్‌కు (ఎప్పుడెంత కరెంటు ఇస్తామో గ్రిడ్‌కు ముందే చెప్పడానికి) రోజుకు 96 పదిహేను నిమిషాల బ్లాకుల లెక్క కావాలి, ఈఆర్‌ఏ-5తో (యూరప్ వాతావరణ కేంద్రం మోడల్‌తో లెక్కకట్టిన గత వాతావరణ డేటా) పోల్చాలి కూడా. 11:00 అని ఉన్న వరుస 10:50–11:00దా, 11:00–11:10దా? ఫైల్‌లో ఎక్కడా లేదు. ఎలా తేల్చాలండీ?

టెర్మినల్_బ్లాక్:
అది తేలేదాకా సగటుల జోలికి పోకండి. కాంప్‌బెల్ లాగర్లు మామూలుగా విరామం ముగిసిన సమయం వేస్తాయి, ఎన్‌ఆర్‌జీవి మొదలైన సమయం. మధ్యలో ఎవరైనా ఎక్సెల్‌లో సర్ది ఉంటే మాన్యువల్ చూసినా లాభం లేదు, సైట్‌లోనే పరీక్షించాలి. గాలి బాగా వీస్తున్నప్పుడు, లాగర్ గడియారం చూసుకుని 11:02కు ఒక అనిమోమీటర్ (గాలి వేగం కొలిచేది) వైరు ఊడదీసి 11:08కి బిగించండి. సగటు 11:00 వరుసలో పడిపోతే స్టాంపు మొదటిది, 11:10లో పడిపోతే చివరిది. అదే ఎత్తులోని రెండో అనిమోమీటర్‌ను ముట్టుకోవద్దు, పోల్చడానికి అదే ఆధారం. సైట్ రిజిస్టర్‌లో రాసిపెట్టి, ఆ వరుసను తర్వాత డేటాలోంచి తీసేయండి.

బ్లాక్96:
స్టాంపు మొదటిదైతే, 00:00–00:15 బ్లాకుకు 00:00 వరుసలో 2/3, 00:10 వరుసలో 1/3 కలపాలి. తర్వాతి బ్లాకుకు 00:10లో 1/3, 00:20లో 2/3. అరగంట మొత్తం చెదరదు. కాకపోతే 00:10 వరుసలో గాలి ఏ అయిదు నిమిషాల్లో లేచిందో ఈ లెక్కకు అందదు, హఠాత్తు మార్పులు చదునైపోతాయి.

చాలామంది తప్పేది ఇంకోచోట: వేగాలను ముందే కలిపేసి, ఆపైన పవర్ కర్వ్ (ఏ గాలి వేగానికి టర్బైన్ ఎంత కరెంటు ఇస్తుందో చూపే గీత) వేస్తారు. కర్వ్ కొలిచిందే 10 నిమిషాల సగటుల మీద. ముందు ప్రతి వరుసనూ కిలోవాట్లుగా మార్చి, ఆ కిలోవాట్లను కలపండి. గాలిలో శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది: సెకనుకు 4, 8 మీటర్ల సగటు 6, దాని ఘనం 216. విడిగా 64, 512, వాటి సగటు 288. తేడా చిన్నది కాదు.

దిశకు మామూలు సగటు పనికిరాదు. 350, 10 డిగ్రీలకు 180 వస్తుంది, అసలు గాలి ఉత్తరంది. సైన్, కొసైన్‌లు విడిగా సగటు చేసి కోణం తీయాలి.

ఇకనుంచి లాగర్‌ను 5 నిమిషాలకు మార్చండి. పదీ వస్తుంది, పదిహేనూ వస్తుంది. స్టాండర్డ్ డీవియేషన్లను మాత్రం నేరుగా సగటు చేయొద్దు: వాటి వర్గాల సగటుకు, 5 నిమిషాల సగటుల మధ్య వేరియెన్స్ కలిపి వర్గమూలం తీయాలి.

యూటీసీ_530:
ఈఆర్‌ఏ-5 గాలి విలువలు గంటగంటకూ ఆ క్షణానివి, అదీ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం). 00:00 అంటే మనకు ఉదయం 5:30. అందుకే 5:00–6:00 సగటుతో పోల్చండి: మొదటి స్టాంపైతే 05:00 నుంచి 05:50 దాకా ఆరు వరుసలు, చివరి స్టాంపైతే 05:10 నుంచి 06:00 దాకా. మెర్రా-2 (నాసావారి అలాంటి డేటానే) గంట సగటుల స్టాంపు విరామం మధ్యది. దాని 00:30 మనకు 5:30–6:30. కోరిలేషన్‌తో (రెండు డేటాలు ఎంత కలిసి నడుస్తున్నాయో చూసే లెక్క) అయిదున్నర గంటల తప్పు దొరుకుతుంది గానీ 10 నిమిషాల తప్పు దొరకదు, దానికి పైన చెప్పిన వైరు పరీక్షే చేయండి.