కీట్స్ ‘స్టిల్’ తర్వాత కామా ఉందా?

గోదారిగట్టు:
ఇంగ్లీషు కవి కీట్స్ గ్రీకు కలశం మీద రాసిన ఓడ్ (సంబోధనా గీతం) మొదటి పాదం మొన్నటి నుంచి నన్ను వదలట్లేదు. ‘దౌ స్టిల్ అన్‌రావిష్డ్ బ్రైడ్ ఆఫ్ క్వయట్‌నెస్’. స్టిల్ తర్వాత కామా ఉన్నట్టు ఒకచోట, లేనట్టు ఇంకోచోట చదివిన గుర్తు. కామా ఉంటే కదలని వధువు. లేకపోతే ఇంకా ఎవరూ చెరపని వధువు. తెలుగు చేస్తూ ఇక్కడే ఆగిపోయాను. ఏ అర్థం పట్టుకోవాలి?

పాతప్రతులు:
రెండు గుర్తులూ సరైనవే. 1820లో ‘యానల్స్ ఆఫ్ ద ఫైన్ ఆర్ట్స్’ పత్రికలో మొదట అచ్చయినప్పుడు కామా ఉంది. అదే ఏడాది వచ్చిన కవితల సంపుటిలో లేదు. కీట్స్ సొంత చేతిరాత ప్రతి మిగల్లేదు. తమ్ముడు జార్జ్ ఎత్తిరాసుకున్నది మాత్రం ఉంది. పద్యం చివర ‘బ్యూటీ ఈజ్ ట్రూత్’ చుట్టూ కొటేషన్ గుర్తుల తగాదా కూడా ఈ రెండు అచ్చుల తేడాతో వచ్చిందే. నా ఓటు సంపుటికి.

ఛందోభాషి:
తేలిక అక్షరం, ఊనిక అక్షరం ఒకదాని తర్వాత ఒకటి వచ్చే అయాంబిక్ నడకలో ఊనిక స్టిల్ మీదే పడుతుంది, కామా ఉన్నా లేకున్నా. కాబట్టి ఛందస్సు దీన్ని తేల్చదు. కానీ పైకి చదివి చూడండి. కామా పెడితే రెండో అక్షరం దగ్గరే ఊపిరి ఆగి పాదం విరుగుతుంది. పైగా మూడో చరణంలో ‘ఫరెవర్ వార్మ్ అండ్ స్టిల్ టు బి ఎంజాయ్డ్’ (ఎప్పటికీ వెచ్చగా, ఇంకా అనుభవించాల్సి ఉన్న ప్రేమ) ఉంది కదా! అక్కడ ‘కదలని’ అనే అర్థం కుదరదు. మొదటి పాదంలోనూ అదే ‘ఇంకా’.

సాయంత్రపు చదువరి:
‘ఇంకా’ నేను ఒప్పుకోను మాస్టారూ. ‘ఇంకా పెళ్లి కాలేదు’ అంటే రేపో మాపో అవుతుందని. కలశం మీది ప్రియుడు ఎన్నటికీ ముద్దు పెట్టలేడని రెండో చరణంలో కీట్సే చెప్పాడు. స్టిల్‌కి పాత అర్థం ‘ఎల్లప్పుడూ’. హామ్లెట్‌లో రాజు క్లాడియస్ తన మంత్రి పొలోనియస్‌తో ‘దౌ స్టిల్ హాస్ట్ బీన్ ద ఫాదర్ ఆఫ్ గుడ్ న్యూస్’ అంటాడు, ఎప్పుడూ మంచి కబురే తెస్తావని. కీట్స్ షేక్‌స్పియర్‌ని ఔపోసన పట్టినవాడు. ‘బ్రైట్ స్టార్’ సానెట్‌లో ‘స్టిల్, స్టిల్ టు హియర్ హర్ టెండర్-టేకెన్ బ్రెత్’ (ఆమె మెత్తని ఊపిరి వింటూ ఉండాలని) చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ రెండు స్టిల్‌లలో ఒకటి ‘కదలకుండా’, రెండోది ‘ఎప్పటికీ’ అనుకుంటాను. 25 ఏళ్లకే క్షయతో రోమ్‌లో పోయిన మనిషి. సమాధి మీద పేరు కూడా వద్దన్నాడు.

ఛందోభాషి:
అలా అయితే ఇది శ్లేష. విరుపు అక్కర్లేదు కనక అభంగం. రాఘవపాండవీయంలో పింగళి సూరన కావ్యమంతా రెండు కథలు నడిపాడు. ఒక్క మాటలో మూడు అర్థాలు మనకు కొత్త కాదు. ఏదో ఒకటి తేల్చాలన్న పట్టుదలే వద్దు.

పాతప్రతులు:
సూరన పాఠకుడికి ద్వ్యర్థి కావ్యమని ముందే తెలుసు. కీట్స్ పాఠకుడికి ఆ ఒప్పందం లేదు. రెండూ ఒకటి కావు. ఇక ‘అన్‌రావిష్డ్’ దగ్గర నాకు శాకుంతలం రెండో అంకం గుర్తొస్తుంది, ‘అనాఘ్రాతం పుష్పం’, ఎవరూ వాసన చూడని పువ్వు. ‘చెరపని’ కన్నా ‘అనాఘ్రాత’ ఎంత మెత్తగా ఉందో చూడండి.

పెన్నాతీరం:
నా వాదన ఒకటి చాలాకాలంగా మనసులో ఉంది. ఇంగ్లీషులో ముందు పుట్టింది ‘కదలని’ అనే అర్థం. మార్పు లేనిది గనక ‘ఎల్లప్పుడూ’, దానిలోంచి ‘ఇప్పటికీ’ వచ్చాయి. మన ‘ఊరక’ సరిగ్గా ఇదే దారిలో నడిచింది. ఊరకుండు అంటే కదలకు, మాట్లాడకు. ‘ఊరికే ఫోన్ చేస్తుంటాడు’ అంటే మాటిమాటికీ. తెలుగు బైబిల్లో 46వ కీర్తన ‘బీ స్టిల్’ని ‘ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి’ అనే చేశారు.

సాయంత్రపు చదువరి:
కానీ 23వ కీర్తనలో ‘స్టిల్ వాటర్స్’ శాంతికరమైన జలములు అయ్యాయి కదా. బైబిల్లో ఏలీయా ప్రవక్త విన్న ‘స్టిల్ స్మాల్ వాయిస్’ మిక్కిలి నిమ్మళముగా మాటలాడు స్వరం అయింది. ఊరక అన్ని చోట్లా నిలబడలేదు.

పాతప్రతులు:
ఆ మూడు చోట్లా హీబ్రూలో మూడు వేరు మాటలున్నాయి. వాటన్నిటినీ ఒకే స్టిల్‌లో ఇరికించింది ఇంగ్లీషు. తెలుగు వాటిని మళ్లీ విడదీసింది. ఈ విషయంలో తెలుగుకే నా దండం.

గోదారిగట్టు:
‘ఊరక’ని వధువు పక్కన పెడితే ‘ఊరక రారు మహాత్ములు’ గుర్తొస్తుందండీ. పోతన దాన్ని ‘కారణం లేకుండా’కి కట్టేసి వెళ్లాడు. కలశం గంభీరత పోతుంది.

పెన్నాతీరం:
పోతన వాడిన అర్థం ఒకటుందని మిగిలిన అర్థాలు చచ్చిపోవు కదా. ‘ఊరకున్న వధువు’ అని ఒకసారి పైకి అని చూడండి. మౌనం, నిశ్చలత రెండూ వస్తాయి.

ఓరుగల్లు బిడ్డ:
అన్నా, మా దిక్కు ఇది ఇంకా సాఫ్‌గా ఉంటది. ఏడ్చే పిల్లను ‘ఊకో’ అంటం, అంటే చప్పుడు చేయకు. ‘ఊకె వస్తడు’ అంటే మాటిమాటికి వస్తడని. రెండూ రోజూ నోట్లో ఉండే మాటలే. మీరు షేక్‌స్పియర్ దగ్గర వెతుకుతున్న ‘ఎల్లప్పుడూ’కి ‘ఊకె’ దగ్గరి చుట్టం.

సాయంత్రపు చదువరి:
ఊకె అంటే పదే పదే. అందులో తెంపు ఉంది, మళ్లీ మళ్లీ మొదలవుతుంది. కీట్స్ స్టిల్‌లో తెంపు లేదు. వచ్చే మనిషికి, నిలబడిపోయిన బొమ్మకు ఒకే మాట ఎలా సరిపోతుంది?

ఓరుగల్లు బిడ్డ:
‘వాడు ఊకె గట్లనే కూసుంటడు’ అంటం అక్కా. ఇండ్ల తెంపు యాడుంది?

ఛందోభాషి:
అక్కడ తెంపు లేకపోవడం ‘గట్లనే’ వల్ల వచ్చింది, ఊకె వల్ల కాదు. ‘గట్లనే’ తీసేసి ఇంకో వాక్యం చెప్పండి బాబూ, అప్పుడు ఒప్పుకుంటాను.