డబ్బా నిండా నాణేలుండాయి, ఏ దారి పట్టుకోవాల?

గుంతకల్లు_పిల్లోడు:
అందరికీ నమస్కారం. మా తాత పోయినాక అటక మీద రేకు డబ్బా ఒకటి దొరికింది. దాంట్లో 212 నాణేలుండాయి. విక్టోరియావి, జార్జివి, బొక్క పైసలు, చార్మినార్ బొమ్మవి, తాటిచెట్టు మాదిరి బొమ్మవి గూడ. అప్పట్నుంచి నేనూ కొంటా పోతాండా. తిరణాల్లో, పాత సామాన్ల అంగట్లో, ఆన్‌లైన్లో, ఏది కంటికి కనపడితే అది. రెండేండ్లలో 900 దాటినాయి. ఆల్బమ్ తెరిచి చూస్తే ఒకదానికొకటి సంబంధం లేదు. మీరంతా ఏదో ఒకదాని మీద నిలబడినారు గదా, అది మీకు ఎట్ల దొరికింది? నెలకు వెయ్యి రూపాయలకు మించి పెట్టలేను. ఇంకొకటి, డబ్బాలోవి నల్లగైపోయినాయి. అవ్వ చింతపండుతో తోముదామంటాంది. తోమొచ్చా?

ఆదోని_అణా:
చింతపండు వద్దు తమ్ముడూ. చేతులెత్తి చెప్తాండా. నా కాడ 1862 విక్టోరియా పావు అణా ఉండె. బెల్లం పాకం రంగు, రాణి జడలో గీతలు గూడ లెక్కపెట్టొచ్చు. ఇంట్లో పండగకు రాగి చెంబులు తోముతాంటే దాన్నీ వేసి తోమినా. అయిదు నిమిషాలు. ఇప్పుడది చర్మం ఒలిచినట్ల గులాబీ రంగులో ఉండాది. పదకొండేండ్లయింది, ఇప్పటికీ ఆ పేజీ తిప్పను.

కడప_గడప:
మరీ అంత భయపెట్టాల్సిన పని లేదు. మా ఇంట్లో 60 ఏండ్లుగా రాగి చెంబు చింతపండుతోనే తోముతాండాం, నిక్షేపంగా ఉండాది. మురికి మురికే. బొమ్మ కనపడకపోతే నాణెం దాచుకుని ఏం లాభం?

ఆదోని_అణా:
చెంబు మీద రాణి బొమ్మ ఉందా అన్నా, అరిగిపోయేదానికి? రాగి మీద ఆ గోధుమ రంగు మురికి కాదు, లోహం మీద ఏండ్ల తరబడి తనంతట తాను కట్టుకున్న పొర. పులుపులో ఉండే ఆమ్లం ఆ పొరను కరిగిస్తుంది, దాంతోపాటే పైనున్న సన్న గీతలూ పోతాయి. ఒకసారి పోతే మళ్ళీ వందేండ్లు ఆగాల.

కడప_గడప:
నేను తోమినవి ముప్పై ఉండాయి. అన్నీ తళతళా మెరుస్తాండాయి. చూసినోళ్ళంతా మెచ్చుకుంటాండారు. మీకు ఒకటి చెడిపోయిందని లోకానికంతా నియమం పెట్టొద్దు.

కర్నూలు_టంకశాల:
27 ఏండ్లుగా ఈ పనిలో ఉండాను, ఒకసారి వినండి. తోమిన నాణెం చేతికిస్తే దీపం వెలుతుర్లో పక్కకు తిప్పి చూసి మూడు సెకండ్లలో చెప్తాను. మంచి డీలర్ ఎవరైనా చెప్తాడు. ఆ మెరుపును మెచ్చుకునేది నాణేలు తెలియనోళ్ళే. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్లో రెండు రోజులు నానబెట్టు. జిడ్డు ఉంటే అసిటోన్. గుడ్డతో రుద్దొద్దు, అద్ది ఆరబెట్టు. అంతే.

ఇక అసలు ప్రశ్న. రాయలసీమలో పుట్టి విజయనగరం తప్ప ఇంకేం సేకరిస్తారు? హరిహరుని హనుమంతుడు, కృష్ణదేవరాయల బాలకృష్ణుడు, అచ్యుతరాయల గండభేరుండం, అంటే రెండు తలల పక్షి. తళ్ళికోట యుద్ధం 1565లో అయినాక రాజధాని మన పెనుకొండకే కదా వచ్చింది. బంగారు వరహా కొనలేకపోతే రాగి కాసులు కొను. నయా పైసలు, స్టీలు రూపాయలు పిల్లకాయల ఆట.

బస్టాండ్_చిల్లర:
పిల్లకాయల ఆటా? మా నాయన ఆర్టీసీ కండక్టర్ సార్. రాత్రి డ్యూటీ దిగినాక సంచిలో చిల్లర మంచం మీద పోసి ఇద్దరం వెదుకుతాం. తేదీ కింద గుర్తు చూస్తే ఏ టంకశాలలో కొట్టినారో తెలుస్తుంది. నక్షత్రముంటే హైదరాబాద్, వజ్రముంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకుంటే కోల్‌కతా. నేను నక్షత్రం గుర్తున్నవే ఏరుకుంటాను, రూపాయి నుంచి ఇరవై దాకా, ఏ సంవత్సరమూ వదలకుండా. దానికి నాకైన ఖర్చు ఆ నాణెం విలువే, పైన పైసా లేదు. మూడేండ్లు పట్టింది ఒక్క సంవత్సరం దొరకడానికి, అది మా నాయన తాడిపత్రి బస్సులో తెచ్చినాడు. మీ వరహాలు మీకు గొప్ప, ఇది మాకు గొప్ప.

కర్నూలు_టంకశాల:
తప్పుగా అనుకోవద్దు నాయనా. చరిత్ర లోతు గురించి చెప్పినా, నిన్ను కించపరచాలని కాదు.

బస్టాండ్_చిల్లర:
కించపరిచినారు సార్. సరే, వదిలేద్దాం.

నంద్యాల_రాజు:
అన్నలారా, ఒక పక్క హనుమంతుడు, ఇంకో పక్క ఈస్టిండియా కంపెనీ 1818 అని ఉండే రాగి నాణెం ఉండాది నా కాడ. ఒకాయన ఫోన్ చేసి అయిదు లక్షలిస్తామన్నాడు. ముందు రిజిస్ట్రేషన్ కట్టాలంటే 4,800 పంపినా. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. దీన్ని ఎవరైనా తీసుకుంటారా?

ఆదోని_అణా:
అయ్యో. రాజూ, అది నాణెం కాదు. రాముడు, హనుమంతుడు ఉండే నాణేలు కంపెనీవాళ్ళు ఎప్పుడూ కొట్టలేదు. 1616 అని గూడ అమ్ముతాండారు చూడు, అప్పటికి వాళ్ళు మన దేశంలో సరిగా కాళ్ళు గూడ ఊనలేదు. పాత నాణేలకు తన పేరు చెప్పి ఫీజులడిగితే నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటన ఇచ్చింది. వెంటనే 1930కి ఫోన్ చెయ్యి, సైబర్ క్రైమ్ నంబరు. ఆలస్యం చెయ్యొద్దు.

నంద్యాల_రాజు:
చేస్తా అన్నా. మా అమ్మ దాన్ని దేవుని గూట్లో పెట్టింది.

ఆదోని_అణా:
పెట్టుకోనీ. పూజకు ఏం తక్కువ కాదు.

బురుజు_నీడ:
నా సంగతి చెప్తా. కొండారెడ్డి బురుజు నీడలో పుట్టినోన్ని. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండింది 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా. ఆ మూడేండ్లలో మా ఊరి అంగట్లో ఏ డబ్బు తిరిగింది? అదే నా సేకరణ. గుర్రం బొమ్మ పైసా, ఎద్దు బొమ్మ అణాలు, గోధుమ కంకుల నికెల్ రూపాయి. 1954 రూపాయి అయస్కాంతానికి అతుక్కుంటుంది చూడండి, అచ్చమైన నికెల్ కదా. 1957 ఏప్రిల్ 1న అణాలకు బదులు నయా పైసలు వచ్చేసరికి సెక్రటేరియట్ హైదరాబాద్ పోయింది. అంటే మా రాజధాని అణాల్లోనే మొదలై అణాల్లోనే అయిపోయింది. ఇది తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొత్తం ఒక చిన్న ట్రేలో సరిపోతుంది, ఖర్చూ తక్కువే.

సీమ_గొంతు:
ఆ రాజధాని ఎందుకు పోయిందో గూడ రాయి అన్నా. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో ఏమనుకున్నారు, ఏం జరిగింది? నీళ్ళూ పోయె, రాజధానీ పోయె.

బురుజు_నీడ:
అది నాకూ మంటే తమ్ముడూ. దానికి వేరే చర్చ పెట్టు, వచ్చి రాస్తా. ఇక్కడ పిల్లోడు నాణేలడిగినాడు.

సీమ_గొంతు:
నాణేల మీద తేదీ చదివేటోళ్ళు ఆ తేదీన ఏం జరిగిందో పట్టించుకోకపోతే ఎట్ల?

గుత్తి_కోట:
పట్టించుకునేవాళ్ళమూ ఉండాం. నా దారి మన ఊర్లలో కొట్టిన నాణేలు. మొగలుల కాలంలో ఆదోనికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు, అక్కడ టంకశాల ఉండె. టిప్పు సుల్తాన్ మా గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టినాడు, గుర్రంకొండకు జఫరాబాద్ అని. ఏనుగు బొమ్మ పైసా మీద ఆ పేరు వెదకాలంటే ఫార్సీ అక్షరాలు నేర్చుకోవాల. 43 ఏండ్ల వయసులో పలక పట్టినా. టిప్పు తన మౌలూదీ అనే సంవత్సరాల లెక్కలో వేసిన అంకెలు కుడి నుంచి ఎడమకు చదవాల, అది తెలియక మొదట్లో ఏడాది తిక్కతిక్కగా చదివినా. మొన్న మా ఇంటి మేడ మీద కూచుని, ఎదురుగా కోట కనపడతాంటే, ఫైజ్ హిసార్ అని మొదటిసారి నా అంతట నేను చదివినా. కండ్లలో నీళ్ళొచ్చినాయి.

సుగాలీ_కాసు:
నేను మాట్లాడొచ్చా? నేను గుడ్డకు కుట్టుకునేదానికి చెవి అతికించిన నాణేలు మాత్రమే తీసుకుంటాను. మా అవ్వ రైకకు, ముసుగుకు రూపాయలు, అర్ధరూపాయలు కుట్టుకునేది. నడిస్తే మోత. తాండా ఆడోళ్ళు కరువొచ్చినప్పుడు ఒక్కొక్కటే తెంపి అమ్ముకున్నారు. అవే నేను వెదికి వెనక్కి తెస్తాండా. ఇప్పటికి 61.

ప్రొద్దుటూరు_త్రాసు:
అమ్మా, చెవి అతికింది, బొక్క పడింది అంటే మా అంగట్లో తూకానికే తీసుకుంటాం. సేకరణ విలువ సున్నా. అందులోనూ 1940 నుంచి 45 దాకా కొట్టిన జార్జి రూపాయల్లో వెండి సగమే. ముందు అది తెలుసుకుని కొనండి, మోసపోతారు.

సుగాలీ_కాసు:
నాకు తెలుసన్నా, ఏ రూపాయిలో ఎంత వెండి ఉందో. మీ అంగళ్ళలో తూకానికి తీసుకుని కరగబెట్టినందుకే గదా ఇవి దొరకడం లేదు! ఆ టంకం మరక కాడ మా వాళ్ళ చేతిపని ఉండాది. సున్నా అనే మాట వెనక్కి తీసుకోండి.

ప్రొద్దుటూరు_త్రాసు:
నేను బజారు రేటు చెప్పినా.

సుగాలీ_కాసు:
నేను బజారు అడగలేదు.

ఆదోని_అణా:
అక్క చెప్పింది నిజం. తూకం మాట ఇక్కడ వద్దన్నా.

కదిరి_సెనక్కాయ:
నేను రైతును, పంటల బొమ్మలున్న నాణేలే దాస్తా. 1970 'అందరికీ ఆహారం' ఇరవై పైసలు, 1973 'ఎక్కువ పండించండి' యాభై పైసలు నా కాడ ఉండాయి. గోధుమ కంకి ఎన్నిటి మీదో ఉండాది. సెనక్కాయ ఉండే నాణెం ఎవరైనా చూసినారా, ఏ దేశానిదైనా?

కడప_గడప:
ఆఫ్రికా దేశం గాంబియా నాణెం మీద వేరుశెనగ ఉంటుంది, చూడు.

కదిరి_సెనక్కాయ:
కడపన్నా, నీ నోరు చల్లగుండ! ఈ రాత్రే వెదుకుతా.

గుంతకల్లు_పిల్లోడు:
అందరికీ దండాలు. చింతపండు డబ్బాకు మూత పెట్టేసినా. కానీ ఎవరి దారి చదివితే అదే నాదనిపిస్తాంది. నిన్న విజయనగరం, ఈ పొద్దు టిప్పు.

సుగాలీ_కాసు:
తమ్ముడూ, నువ్వు కొన్న 700 పక్కన పెట్టు. ఆ 212 గురించి ఒక్కరూ అడగలేదు. మీ తాత ఏం పని చేసేవాడు? అవి ఎందుకు దాచినాడు?

గుంతకల్లు_పిల్లోడు:
గుంతకల్లు స్టేషన్ బయట టీ అంగడి అక్కా. తాత వాళ్ళ నాయన పెట్టింది, తర్వాత తాత నడిపినాడు. నేనూ ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడే అవ్వనడిగినా. దాన్ని ఇంట్లో "చెల్లని డబ్బా" అనేవాళ్ళంట. గిరాకీలు ఇచ్చిపోయినవి, మళ్ళీ ఎవరూ తీసుకోనివి అన్నీ దాంట్లో వేసేవాళ్ళంట.

బురుజు_నీడ:
ఒరే నాయనా! గుంతకల్లు అంటే మద్రాసు బొంబాయి లైను. రాయచూరు అప్పట్లో నిజాం రాజ్యం. ఆ చార్మినార్‌వి హాలీ సిక్కా, అంటే నిజాం సొంత డబ్బు, అటు నుంచి రైలెక్కినోళ్ళ జేబులోవి. వాళ్ళ ఏడు రూపాయలు మన ఆరుకు సమానం, బ్రిటిష్ ఇండియాలో అంగడివాడు తీసుకుంటే నష్టమే. తాటిచెట్టు బొమ్మవి సిలోన్ సెంట్లయి ఉంటాయి. నీకు దారి ఇంట్లోనే ఉండాది గదరా.

ఆదోని_అణా:
చార్మినార్ తలుపులో ఉండే అక్షరం చూడు. ఫార్సీ అక్షరం ఐన్ అయితే చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్, మీమ్ అయితే వాళ్ళ నాయన మహబూబ్ అలీఖాన్.

కర్నూలు_టంకశాల:
ఒక మాట. అట్లాంటి డబ్బాలో ఆ కాలం నాటి దొంగ రూపాయలు గూడ ఉంటాయి, సీసం తగరం కలిపి అచ్చు పోసినవి. అప్పట్లో షావుకార్లు రూపాయిని రాతి మీద వేసి మోత వినేవాళ్ళు. వెండి మోగుతుంది, సీసం మోగదు. నా 27 ఏండ్లలో నేను వాటిని పారేస్తా వచ్చినా. నువ్వు పారెయ్యొద్దు. చెల్లనివి మాత్రమే సేకరించినోన్ని మన వైపు నేను చూడలేదు. నాణ్యమైన వెండి రూపాయి 11.66 గ్రాములు. తూకం వెయ్యి, నేల మీద వెయ్యొద్దు.

గుంతకల్లు_పిల్లోడు:
సార్, మీరు రాసేలోపే అవ్వ ఒకటి తీసి కడప బండ మీద వేసేసింది. 1918 జార్జి రూపాయి. టక్కుమనింది, మోత లేదు. త్రాసులో 9.8 గ్రాములు. అవ్వకు దాని కథ తెలుసు. రైలు కదులుతాంటే ఎవరో కిటికీలోంచి రూపాయి ఇచ్చి రెండు టీలు తీసుకున్నాడంట. తాత వాళ్ళ నాయన ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తి పద్నాలుగు అణాల చిల్లర అతని చేతిలో పెట్టినాడంట.