పూటల తిండికి అంతటా ఒకే పేరు ఉండాలా?

చర్చాంశం: పాఠ్యపుస్తకాలలోనూ ప్రభుత్వ ప్రకటనలలోనూ అల్పాహారం, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం అనే మాటలనే వాడాలని, టిఫిన్, నాష్టా, సద్ది వంటివి ఇంటి మాటలుగా ఉంటే చాలునని ఒక మిత్రుడు ప్రతిపాదించారు.

మొదటి అభిప్రాయం: ఈ ప్రతిపాదనతో నేను ఏకీభవించలేను. ఆ మూడూ గడియారం చూసి పెట్టిన పేర్లు. మన వాడుకలో చాలాచోట్ల పేరు నిర్ణయించేది వేళ కాదు, కంచంలో అన్నం ఉందా లేదా అన్నదే. శనివారం రాత్రి అన్నం మానేసి ఉప్మా తిన్నవారు, కడుపు నిండినా సరే, టిఫిన్ చేశామంటారు గాని భోజనం చేశామనరు. అదే టిఫిన్ ముంబైలో డబ్బావాలాలు మోసుకెళ్లే మధ్యాహ్నపు క్యారియర్ అవుతుంది. సద్ది సంగతి మరీ చిక్కు. కోస్తాలో చద్దన్నమంటే రాత్రి మిగిలితే పొద్దున తినేది. తెలంగాణలో సద్ది అంటే పొలానికో ప్రయాణానికో కట్టుకుపోయే తిండి కూడా. సద్దుల బతుకమ్మ నాడు పంచుకునే పులిహోర, పెరుగన్నం ఆ పండుగకని వండినవే గాని మిగిలినవి కావు. పోతన భాగవతంలో గోపబాలురు అడవికి తీసుకువెళ్లి కృష్ణుడితో కలిసి ఆరగించిన చల్దులూ ఇలా కట్టుకుపోయినవే. తెల్లవారి నాట్లకు వెళ్లే మనిషి తిన్న గిన్నెడు చద్దన్నాన్ని పట్టుకొని 'అల్పాహారం' అనడం విడ్డూరం కాదా?

ప్రత్యుత్తరం: వాడుక గురించి మీరన్నది కాదనను. అయితే నాష్టా అన్న మాట హైదరాబాదులో ఎంత సహజమో శ్రీకాకుళంలో అంత కొత్త. రెండు రాష్ట్రాలవారూ చదివే పుస్తకానికి ఇద్దరికీ తెలిసిన మాట కావాలి. 2023లో తెలంగాణ బడులలో ప్రారంభించిన పథకానికి 'ముఖ్యమంత్రి అల్పాహార పథకం' అన్న పేరు నాకైతే ఎక్కడా ఎబ్బెట్టుగా తోచలేదు. వసతి గృహం గోడమీది పట్టికలో 'సద్ది' అని రాస్తే, మీరు చెప్పిన రెండు అర్థాలలో ఏది తీసుకోవాలో పిల్లలకు ఎలా తెలుస్తుంది?

మొదటి అభిప్రాయం రాసినవారు: పథకానికి ఒక పేరు తప్పదు, ఒప్పుకుంటాను. పాఠంలో రైతు ఇంటి కథ చెప్పేటప్పుడు మాత్రం సద్దిని సద్దిగానే ఉంచాలన్నది నా పట్టు. ఇక గోడమీది పట్టికకు మన చర్చతో పనే లేదు. 'ఉదయం 8 గంటలకు ఉప్మా' అని రాస్తే ఏ జిల్లా పిల్లవాడైనా వేళకు వస్తాడు.