కైంకర్యం, వాసన: పదకోశంలో ఏ అర్థాన్ని ముందు చూపాలి?

విదేశాల్లో తెలుగు నేర్చుకుంటున్న పిల్లల కోసం ఒక చిన్న పదకోశం సిద్ధం చేస్తున్నాను. అర్థం మారిన పదాల విషయంలో మీ సలహా కావాలి. శ్రీవైష్ణవ సంప్రదాయంలో భగవంతునికి చేసే సేవను కైంకర్యం అంటారు. ఆలయాల్లో ఆ మాట నేటికీ అంతే భక్తితో వినిపిస్తున్నా, ‘సంఘం సొమ్మంతా కైంకర్యం చేశాడు’ అన్నప్పుడు మాత్రం కాజేశాడనే అందరూ అర్థం చేసుకుంటారు. ఇది వ్యంగ్యంగా మొదలై స్థిరపడిన అర్థమని నా అనుమానం. రెండూ సజీవంగానే ఉన్నప్పుడు, మూలాన్ని బట్టి సేవను ముందు పెట్టాలా, లేక సామాన్య వ్యవహారాన్ని బట్టి కాజేయడాన్నా?

‘కంపు’తో ఈ చిక్కు లేదు, కన్నడంలో అది నేటికీ పరిమళమే అయినా, మనకు దుర్గంధమే. ‘వాసన’ మాత్రం తేలడం లేదు: ‘మల్లెల వాసన’ హాయిగానే ఉంటుంది గాని, ‘గదిలో వాసన వస్తోంది’ అంటే వెంటనే కిటికీలు తెరుస్తాం. విశేషణమేదీ లేనప్పుడు చెడు అర్థమే స్ఫురించడం అన్ని ప్రాంతాల్లోనూ ఉన్నదా? రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణ వారు తమ ఇళ్లలోని వాడుకను ఒక పూర్తి వాక్యంతో తెలియజేయగలరు. 1885 నాటి శబ్దరత్నాకరం నా దగ్గర ఉంది. నేటి వాడుకకు ఉదాహరణలిచ్చే నిఘంటువేదైనా ఉంటే దయచేసి సూచించండి.